స్నానంతో పోని మాట

దువ్వూరులో ఆ మంగళవారం వెంకటలక్ష్మమ్మను సరిగ్గా ఏడవనివ్వలేదు.

రమ్మని ఫోన్ మీద ఫోన్ చేసింది వాళ్లే. ముసలాయన తెల్లవారుజామున పోయాడని, కూతుళ్లకూ కోడళ్లకూ శోకం ఎత్తుకోవడం చేతకాదని, ఆమె వచ్చి తలాపున కూర్చుంటే తప్ప చావింటి లక్షణమే రాదని బతిమాలారు. గొర్రెలకు నీళ్లు పెట్టే పని మొగుడి నెత్తిన వేసి, జమ్మలమడుగులో బస్సెక్కి, ప్రొద్దుటూరులో ఇంకో బస్సు మారి పోయింది పిచ్చితల్లి. తీరా పోయి, జుట్టుముడి విప్పి, ఎప్పటిలాగే పెద్దకోడలి చెవి దగ్గరికి వంగి, ఆయనకు తిండిలో ఏమిష్టం, మనవళ్లను ఏమని పిలిచేవాడు అని అడిగితే, ఆ కోడలు రెండో కోడలి మొహం చూసింది. రెండో కోడలు వాకిలి వైపు చూసింది.

"ఊరికే ఏడువు అత్తా. మాటలేమీ సెప్పొద్దు," అంది పెద్దకోడలు.

మాటలు లేకుండా ఎట్లా ఏడవాలో వెంకటలక్ష్మమ్మకు తెలియదు. నలభై ఏళ్లుగా ఆమె ఏడ్చిందంతా మాటలతోనే. పోయిన మనిషిని వరసపెట్టి పిలవాలి. తిన్నదీ తిననిదీ చెప్పాలి. ఎవరు చూశారో ఎవరు చూడలేదో చెప్పాలి. ఒక్కో మాట చివర గొంతు దించితే చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు అందుకోవాలి. అత్త పెట్టిన ఆరళ్లయినా, అన్నదమ్ములు ఎగ్గొట్టిన చేనైనా అక్కడ బయటికి వస్తుంది. వచ్చినా ఎవరూ కోపగించుకోరు. శవం లేచాక ఆడవాళ్లంతా బోరింగు దగ్గర తల మీద నీళ్లు పోసుకుంటారు, ఆ నీళ్లతో ఆ మాటలు సరి. శోకంలో తిట్లు తిన్న అత్తే సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని సంగటి పెడుతుంది. చావు దగ్గరి మాటకు పగ లేదని ఆ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాటను ఇంటికి మోసుకుపోయిన ఆడది ఇంతవరకు లేదు.

దువ్వూరులో మాత్రం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పంటినొప్పి వచ్చినదానిలా మూలిగి, నీళ్లు పోసుకుని వచ్చేసింది. బస్టాండులో కూర్చుంటే సిగ్గేసింది. తాను చేసిన తప్పేమిటో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

అది ప్రొద్దుటూరు దాటాక బస్సులో దొరికింది.

పక్క సీటులో కాకరకాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నామె ఫోనులో ఏదో పెట్టింది. పాట కాదు. ఎవరో ఆడది శోకం పెడుతోంది. వెంకటలక్ష్మమ్మ చెవి అటే పోయింది. పని తెలిసిన మనిషికి ఇంకొకరి పని వినపడితే ఊరుకోబుద్ధవుతుందా? లోపల్లోపల తూకం వేసుకుంది. గొంతు బాగానే ఉంది గానీ బొంగురు. ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోకుండా లాగుతోంది, ఈ వయసులో అంత లాగకూడదు. ఎవరో గానీ మాట మాత్రం గట్టిది అనుకుంది. ముందు సీటులో కబుర్లాడుకుంటున్న ఇద్దరూ కబుర్లు ఆపి వింటున్నారు.

శెనక్కాయ పీకుడయినాంక ఆసుపత్రికి పోదామనిరి కదక్కా
పీకుడయిపాయ, నువ్వు పోకపోతివక్కా
శనగ యిత్తనమేసినాంక పోదామనిరి కదక్కా
యిత్తనం మొలిసిపాయ, నువ్వు పోకపోతివక్కా
కొడుకు తాంబూలాలయినాంక పోదామనిరి కదక్కా
తాంబూలాలు మారిపాయ
ఈ పొద్దు ఒక్కదానివే పోతాండావా సుబ్బక్కా

సుబ్బక్కా అన్న పిలుపు దగ్గర వెంకటలక్ష్మమ్మ ఇటు తిరిగి ఆ ఫోను వైపు చూసింది. తన గొంతు తాను బయటినుంచి ఎన్నడూ వినలేదు. మనిషి పేరు వచ్చాక గానీ అది తనదని తెలియలేదు.

కాకరకాయలామె కళ్లొత్తుకుంటూ, తమ ఇంట్లో రోజూ ఇదే పెట్టుకుంటామని, పెట్టుకున్న ప్రతిసారీ ఏడుపొస్తుందని, ఏ ఊరి తల్లో గానీ ఆమె నోట్లో అమ్మవారుందని చెప్పింది. వెంకటలక్ష్మమ్మ అవునమ్మా అని కిటికీ వైపు తిరిగింది. జమ్మలమడుగు వచ్చేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

*

కొడుకు లోకేష్‌కు పది రోజుల కిందే తెలుసట. జమ్మలమడుగులో సరుకుల ఆటో తోలుతాడు. స్టాండులో ఎవరో వినిపిస్తే విన్నాడు. అమ్మ బాధపడుతుందని చెప్పలేదు. ఫోను తీసి చూపించాడు. ఒక దీపం బొమ్మ, కింద 'సుబ్బక్క శోకం' అని పేరు. ఎవరు పాడారో లేదు, ఎవరు పెట్టారో లేదు. పాటల యాప్‌లన్నిటిలోనూ ఉంది, ఆరు లక్షల మంది విన్నారు. ఆ లెక్క చెప్పేటప్పుడు వాడి మొహంలో కాస్త గొప్ప కనపడింది. ఆమె చూసిన చూపుకు వెంటనే దించేసుకున్నాడు.

సుబ్బక్క అంటే వెంకటసుబ్బమ్మ, నారాయణరెడ్డి భార్య. మాఘమాసంలో పోయింది. వేసవిలో మొగుడు వెంకటేశు మంద మేసేది ఆ రెడ్డి కోసిన శనగ కొయ్యకాళ్లలోనే, నీళ్లు తాగేది ఆయన బోరు తొట్టిలోనే. ఆ గట్టు మీద కూర్చుని, రాత్రుళ్లు కడుపు పట్టుకుని లేచి కూర్చుంటున్నానని, ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే మీ రెడ్డి ఇదిగో అదిగో అంటున్నాడని సుబ్బక్క ఈమెకొక్కదానికే చెప్పుకుంది. కడుపులో గడ్డ పగిలి మనిషి పోయిన రోజు, తలాపున కూర్చున్నప్పుడు, ఈమె అదే చెప్పింది. అప్పుడు నారాయణరెడ్డి అక్కడే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఏమీ అనలేదు. మూడోనాడు తానే వచ్చి, మంద ఎప్పటిలాగే కట్టుకోమని వెంకటేశుకు చెప్పి పోయాడు. రివాజు అది. నీళ్లు పోసుకున్నాక ఇంకేముంటుంది?

ఇంకేముందో ఆ మంగళవారం పొద్దు వాలకముందే తెలిసింది. నారాయణరెడ్డి కొడుకు నరేష్ మోటారుసైకిలు దొడ్డి దగ్గర ఆపాడు. వెంకటలక్ష్మమ్మ కుంటి గొర్రెపిల్లకు పాలు తాగిస్తోంది. తల్లి గొర్రె కాలు తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పిల్ల మూతి పొదుగుకు పట్టింది. అతను అరవలేదు. అరిచినా బాగుండేది. నాయన పది రోజులుగా గడప దాటడం లేదని చెప్పాడు. టీ అంగడిలో ఆయన్ను చూసి ఎవడో కావాలని ఆ శోకం పెట్టాడట. తనకు పిల్లనిచ్చేవాళ్లు ఫోన్ చేసి, మీ ఇంట్లో ఆడవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోరా అని అడిగారట. ఇదంతా నేల చూస్తూ చెప్పి, చివర్లో తలెత్తాడు.

"శుక్రారం పొద్దునకి అది యాడా ఇనపడకూడదు. ఇనపడిందంటే మీ మంద మా శేన్లో ఉండదు."

తాను పెట్టలేదని, ఆ యవ్వారమే తనకు తెలియదని ఆమె చెప్పింది. గొంతు నీదే కదా అని అతను బండి తిప్పుకుని పోయాడు.

ఎనభై గొర్రెలు. మే నెల ఎండలు. చుట్టుపక్కల పచ్చిపోచ లేదు. ఆ ముప్పై ఎకరాల కొయ్యకాళ్లూ ఆ తొట్టీ లేకపోతే కటికోళ్లకు తోలాలి, లేదా కుంటిపిల్లలను ఎత్తుకుని ఏ నంద్యాల కాలువలకో నడవాలి. వెంకటేశు గొర్రెల వైపు చూశాడు. ఆ మనిషి మాట్లాడేదే తక్కువ.

"నువ్వు సెప్పింది అబద్ధమా?" అన్నాడు.

"కాదు."

"మల్ల తప్పెవరిది?"

"నిజమే సెప్పినా. సెప్పి బోరింగు కాడ ఇడిసిపెట్టినా. దాన్ని తీసుకొచ్చి బస్సులో కూసోబెట్టినోళ్లది తప్పు," అంది ఆమె. అనేసి ఏడ్చింది. ఈసారి మాటలు లేకుండానే ఏడుపొచ్చింది.

*

ఈ చుట్టుపక్కల జానపదాలు యాప్‌లకు ఎక్కించేది ప్రొద్దుటూరులో శంషుద్దీన్ అని లోకేష్ వాకబు చేసి వచ్చాడు. బుధవారం తల్లినెక్కించుకుని అక్కడికి తోలాడు. బట్టల అంగడి పైన చిన్న గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కొట్టి ఉన్నాయి. నలభై దాటిన మనిషి, గడ్డంలో నెరుపు, మెడలో హెడ్‌ఫోను. ఏం కావాలమ్మా అన్నాడు. నాయనా, నాకొక మాట తెలియాల అని ఆమె మొదలుపెట్టిందో లేదో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు రోజులు అదే గొంతు చెవిలో పెట్టుకుని పనిచేశాను, నాకు తెలియదా అన్నాడు.

కంప్యూటరులో ఆమె గొంతును గీతలుగా చూపించాడు. ఇక్కడ ఎత్తుకున్నావు, ఇక్కడ దించావు అని వేలు పెట్టి చెప్పాడు. ఎవరో ఫోన్‌కాల్‌లో రికార్డయింది తెచ్చారని, కుక్కల అరుపులు, ఫ్యాను చప్పుడు, చుట్టూ ఆడవాళ్ల ఏడుపులు అన్నీ కలిసి గోలగోలగా ఉంటే ఒక్కొక్కటే ఏరి తీసేశానని కాస్త గర్వంగానే చెప్పాడు.

వెంకటలక్ష్మమ్మ ఆ గీతల వైపే చూస్తోంది.

"ఆడోళ్ల ఏడుపులు తీసేసినావా?"

తీస్తేనే కదా క్లియర్‌గా వచ్చేది అన్నాడు.

"అందరం ఏడిస్తిమి నాయనా. నా ఒక్కదాన్నే మిగిలిచ్చినావు."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మౌస్ మీదినుంచి చెయ్యి తీశాడు. పదిమంది అందుకుంటే అది చావు. ఒక్కతే నిలబడి చెబితే అది పంచాయతీ. తాను రెండు రోజులు కూర్చుని చేసింది ఇదా అన్నట్టు తెర వైపు చూశాడు.

అయినా తెచ్చినవాళ్ల పేరు చెప్పనన్నాడు. ఈ గదిలోకి వచ్చినవాళ్ల సంగతి బయటికి పోదు, రేపు మీరిచ్చినా అంతే అన్నాడు. వాళ్ల ఖాతాలోనే ఎక్కించాడట, తీసేయాలంటే వాళ్లే తీయాలట. కావాలంటే ఇక్కడే కూర్చుని ఇంకోటి ఎత్తుకో, నీ పేరూ నీ ఫోటో పెట్టి నేనే ఎక్కిస్తాను, కువైట్‌లో దుబాయిలో మనవాళ్లు ఎంతమంది వింటారో చూడు అని, ఆమె వద్దనేలోపలే మైకు ఆమె నోటి ఎత్తుకు దించాడు. ఎర్రలైటు వెలిగింది.

ఆమె దాని ముందు బుద్ధిగా కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరు పోయినారు?" అని అడిగింది.

ఎవరూ పోలేదు, ఊరికే ఎప్పుడూ ఏడ్చినట్టే అన్నాడు శంషుద్దీన్. ఊరికే ఎట్లా ఏడుస్తారని ఆమె నిజంగానే అడిగింది. లోకేష్ తలుపు దగ్గర నవ్వాపుకోలేక బయటికి పోయాడు. శంషుద్దీన్ కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

తన తల్లి దిల్షాద్‌బీ రెండేళ్ల కింద పోయిందని చెప్పాడు. తాను కువైట్‌లో ఉన్నాడు. పొద్దున పోతే మధ్యాహ్నానికి మట్టి ఇచ్చేశారు. వీడియో కాల్ పెట్టారు గానీ సిగ్నలు లేక గడ్డపార చప్పుడు ఒక్కటే వినపడింది. "మాలో గొంతెత్తి ఏడవగూడదంటారు పెద్దమ్మా," అన్నాడు.

గొంతెత్తనులే అని, మీయమ్మ ఏం వండేది అని అడిగింది. చింతచిగురు వేసి కైమా చేసేదట. నిన్నేమని పిలిచేది అంటే మెడలోని హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. షమ్మూ అనేదట. వీధిలో ఎవరూ లేనప్పుడే అనేదట, పెద్దవాడినయ్యాక సిగ్గుపడతానని. చెబుతూ చెబుతూ శంషుద్దీన్ చెయ్యి చాపి మీట నొక్కాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

వెంకటలక్ష్మమ్మ నాలుగంటే నాలుగు మాటలు అంది. బిడ్డను నిద్రపుచ్చే గొంతుతో అంది. అవి ఏ యాప్‌లోనూ లేవు, ఇక్కడా ఉండవు. అతను లేచి గది చివర కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

వాళ్లు మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచాడు.

"పేరు సెప్పను పెద్దమ్మా. పులివెందుల నుంచి, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చింది."

పేరు చెప్పాల్సిన పని లేదు. పులివెందులలో ఇచ్చింది సుబ్బక్క కూతురు భార్గవిని.

*

గురువారం ముద్దనూరు మీదుగా బస్సులో పోతూ వెంకటలక్ష్మమ్మ దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. నా చేతుల మీద పెరిగినదానివి, మీయమ్మ పరువు ఇట్లా బజారుకు ఎందుకు ఈడ్చావు అని గట్టిగా అడగాలి. ఆ తర్వాత గొర్రెల సంగతి చెప్పాలి. మెత్తబడకూడదు.

భార్గవి తలుపు తీసింది. మూడు నెలల బిడ్డ భుజం మీద ఉంది. మనిషి అచ్చం తల్లిలా తయారైంది, ఆ నుదురు, ఆ నిలబడడం. వెంకటలక్ష్మమ్మ కూర్చుకున్న మాటలన్నీ గడప బయటే ఉండిపోయాయి. వస్తావని తెలుసు చిన్నమ్మా అని భార్గవి లోపలికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది. బిడ్డను అత్తకిచ్చి వచ్చి నేల మీద, ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది.

ఆ రోజు తాను పదోనాటి బాలింత. చావింటికి పోకూడదని ఇటు అత్తగారు, అటు పుట్టింటివాళ్లు పట్టుబట్టి ఆపేశారు. పినతండ్రి కూతురు లహరి ఫోను పట్టుకుని శవం పక్కన కూర్చుంటే, ఇక్కడ మంచం మీద చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గుండెపోటు అని నాయనా అన్నా ఇద్దరూ చెప్పారు. నిద్రలోనే సుఖంగా పోయిందన్నారు.

"నువ్వు సెప్తేనే నాకు తెలిసింది చిన్నమ్మా. మాయమ్మ మూడుతూర్లు అడిగిందని. ఇంగెవరూ సెప్పల్యా."

అన్నను అడిగితే, ఫోనులో రికార్డయిన ఆ శోకం వినొద్దు, తీసేయమన్నాడట. తీయకపోతే తానే వచ్చి చేతిలో ఫోను లాక్కుని చెరిపేసి పోయాడట. లహరి ఫోనులో ఇంకోటి ఉంది. అది కూడా ఎప్పుడు పోతుందోనని భయం పట్టుకుంది. ఎవరి చేతికీ అందని చోట పెట్టాలనుకుంది, అంతే. ఇంతమంది వింటారనుకోలేదు. చిన్నమ్మ మీదికి వస్తారని ఆమె పేరు పెట్టలేదు. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. జిల్లాలో ఆ గొంతు తెలియని చావిల్లు ఉంటే గదా.

తర్వాత భార్గవి ఫోను తీసి, విన్నవాళ్లు కింద రాసినవి చదివి వినిపించింది. ఒకామె, మాయమ్మా ఇంతే, పద్దెనిమిదేళ్లయింది అని రాసింది. ఇంకొకామె తన తల్లి పేరొక్కటే రాసి ఊరుకుంది. చెన్నూరు నుంచి ఎవరో, వరికోతలు అయ్యాక చూద్దామనుకున్నాం, ఇది విని మర్నాడే మా అత్తను కడప ఆసుపత్రికి తీసుకుపోయినాం, ఆపరేషన్ అయింది, బాగుంది అని రాసింది. భార్గవి వేలితో పైకి తోస్తుంటే వస్తూనే ఉన్నాయి.

"ఇయన్నీ ఆడోళ్లే రాసినారా?"

"శానామంది ఆడోళ్లే."

వెంకటలక్ష్మమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. చదువు రాదు. అయినా చూసింది. తాను గొంతు దించిన చోట అందుకున్న ఆడవాళ్లు వీళ్లు. శంషుద్దీన్ ఏరి పారేసిన ఏడుపులు ఇంకో దారిన వచ్చి కూర్చున్నాయి అనిపించింది.

కానీ ఎనభై నోళ్లు అక్కడ మేత కోసం చూస్తున్నాయి. మెత్తబడుతున్నానని ఆమెకే తెలిసి, గబగబా నరేష్ అన్నది అన్నట్టు చెప్పేసింది. రేపటి గడువు, తొట్టి, కొయ్యకాళ్లు, అన్నీ. భార్గవికి ఇవేవీ తెలియవు. విని మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని ఫోను తీసుకుంది. ఏవేవో నొక్కి ఆమె ముందు పెట్టింది.

"మీ గొర్రెల ఉసురు మాకొద్దు చిన్నమ్మా. ఈడ నొక్కితే పోతాది. నువ్వే నొక్కు, నా చేతులు ఆడల్యా."

వేలి దూరం. దీనికోసమే కదా రెండు బస్సులు మారి వచ్చింది. వెంకటలక్ష్మమ్మ వేలు చాపింది. చాపి, వాళ్లు రాసినవి కూడా పోతాయా అని అడిగింది. పోతాయని భార్గవి చెప్పింది. అది పోతే దాని కింది మాటలూ ఉండవు.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. వెంకటేశు మొహం కళ్లలో మెదిలింది. కుంటిపిల్ల మెదిలింది. భయమేసింది, లేదని ఎవరన్నారు? నలభై ఏళ్లలో ఎన్నో చావులు చూసింది. ఎంత ఆకలైనా, ఎంత ఎండైనా, అందుకునేవాళ్లు అందుకుంటుండగా ఆమె ఒక్కనాడూ తలాపునుంచి లేవలేదు.

"ఉండనీ పాపా," అంది. "నేను ఎత్తుకుంటే వాళ్లు అందుకున్యారు. వాళ్లను నడిమిట్ల ఇడిసిపెట్టి నేను లేసిపోయేది ల్యా."

మరి గొర్రెలు అని భార్గవి అంటే, వాటి రాత వాటిది, మా నడక మాది అంది. చెప్పులేసుకున్నాక ఇంకో మాట గుర్తొచ్చి ఆగింది. తన పేరు పెట్టమంది. దొంగమాటలాగా పేరు లేకుండా ఎందుకు తిరగాలి, అన్నది నేనే గదా అంది. భార్గవి అక్కడే నిలబడి, వెంకటలక్ష్మమ్మ అని అక్షరం అక్షరం పలుకుతూ కొట్టి చూపించింది. తన పేరు అంత పొడుగుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

*

శుక్రవారం తెల్లవారి వెంకటేశు దొడ్డి వల విప్పి చుట్టాడు. పులివెందుల సంగతి వినగానే ఆయన ఒక్కటే అడిగాడు, ఏ దారిన పోదామని. కోపం చేయలేదు. ఆ మనిషితో ఆమెకు అదే కష్టం, తిడితే తిరిగి తిట్టొచ్చు. లోకేష్ ఆటోలోకి గోనెలు, బిందెలు, నడవలేని పిల్లలు ఎక్కిస్తున్నాడు. అప్పుడు మోటారుసైకిలు వచ్చింది. నరేష్ వెనక నారాయణరెడ్డి ఉన్నాడు.

నరేష్ దిగీదిగకముందే, అది తీయకపోగా పేరు కూడా తగిలించినావే అన్నాడు. ఇంకేదో అనబోతుంటే తండ్రి అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. గడ్డం పెరిగి, చొక్కా గుండీ ఒకటి ఎగుడు ఒకటి దిగుడుగా పెట్టుకుని, చీకటింట్లోంచి ఎండలోకి వచ్చిన మనిషి కళ్లు చిట్లించి ఆమెను వెతుక్కున్నాడు. వల మళ్లీ కట్టుకోమని వెంకటేశుకు చేత్తో సైగ చేశాడు. అందరూ చూస్తుండగా వచ్చి ఆమె ముందు గట్టు మీద కూర్చున్నాడు.

"వెంకటలక్ష్మీ, నీ మాటలో ఒక తప్పుండాది."

ఆమె వెనకటి మాటలన్నీ తిరగేసుకుంది. అబద్ధమంటాడేమో. సుబ్బక్క చెప్పింది తాను తప్పుగా విన్నదేమో.

"మూడుతూర్లు అడిగిందన్యావు. మూడు కాదు. నాలుగు."

నరేష్ తండ్రి వైపు తిరిగాడు.

"నాలుగోతూరి నోటితో అడగల్యా," అన్నాడు నారాయణరెడ్డి. "సంచిలో చీర పెట్టుకుని, చెప్పులేసుకుని, తెల్లారక ముందు నుంచి అరుగు మీద కూసున్యాది. నేను సూసినా. సూసి, పెరటి దావన శేనికి పోయినా. వచ్చేతలికి సంచి సర్దేసి సంగటి కెలుకుతాండాది. ఇద్దరం ఏమీ అనుకోల్యా. మల్ల పదైదు దినాలకు పాయ."

ఆటోలో గొర్రెపిల్లలు అరుస్తున్నాయి.

ఇన్ని రోజులుగా ఇంట్లో కూర్చుని తాను అదే పెట్టుకుని వింటున్నానని చెప్పాడు. సిగ్గుపడి కాదట. మూడోది అయిపోయాక నాలుగోది వస్తుందేమోనని ప్రతిసారీ చూస్తాడట. రాదు. మళ్లీ మొదటినుంచి పెట్టుకుంటాడట. ఆ మాట ఇంకెవరికీ తెలియదు, తనతోనే పోతుంది, కాబట్టి నువ్వు అది కూడా కలిపి చెప్పాలి అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు.

వెంకటలక్ష్మమ్మకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. అరుగు మీద చెప్పులతో కూర్చున్న సుబ్బక్క కళ్లకు కట్టింది. కానీ ఎదురుగా తప్పు గుండీలతో కూర్చున్న మనిషిని చూస్తే ఆ కోపం నిలవలేదు.

"నాకు తెలిసింటే ఆ పొద్దే సెప్పుందును రెడ్డీ," అంది. "ఇప్పుడు సెప్పేది నేను కాదు. పోయినోళ్లకు నేను సెప్తా. పాపకు నువ్వే సెప్పల్ల."

అది నా ఫోను ఎత్తదు అన్నాడాయన. మాఘమాసం నుంచి ఎత్తడం లేదు. ఆమె లోకేష్ వైపు చెయ్యి చాపింది. వాడు నెంబరు నొక్కి ఆమెకిచ్చాడు. రెండు రింగులకే అటునుంచి, చిన్నమ్మా, గొర్రెలు ఏమైనాయి అని భార్గవి గొంతు ఆదుర్దాగా వచ్చింది. వెంకటలక్ష్మమ్మ ఏమీ చెప్పకుండా ఫోను నారాయణరెడ్డికి అందించింది.

ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నరేష్ బండి తాళం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు.

"పాపా. నేను, నాయన్ని."

అటు చప్పుడు లేదు. కానీ పెట్టేయలేదు. వెనక బిడ్డ ఏడుపు సన్నగా వినపడుతోంది. నారాయణరెడ్డి ఊపిరి తీసుకున్నాడు.

"మీయమ్మ నాలుగోతూరి గూడా అడిగింది పాపా," అన్నాడు.